రెండు అర్ధగోళాల మధ్య ఇల్లు: ఘంటసాల, దివిసీమ ప్రాంతం

కృష్ణా డెల్టా దిగువన, బందరుకూ దివిసీమకూ నడుమ ఉన్న ఘంటసాల చుట్టుపక్కల ఊళ్లలో "ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు అక్కడ" అన్న మాట ఒక జీవన విధానానికి పేరుగా స్థిరపడింది. సొంత ఊళ్లో ఒక ఇల్లు, భూగోళం అవతలి సగంలో పిల్లల దగ్గర ఇంకో ఇల్లు. ఏడాదిలో కొన్ని నెలలు ఇక్కడ, మిగిలినవి అక్కడ. ఇది వలస కాదు, చుట్టపుచూపూ కాదు. వలస వెళ్ళినవారు ఊళ్లో ఇల్లు అమ్ముకుంటారు, లేదా పాడుపెడతారు. చుట్టపుచూపుగా వెళ్ళినవారు తిరుగు టికెట్టు తేదీ చూసుకుంటూ ఉంటారు. ఈ రెంటికీ చెందని వీరికి రెండు చోట్లా మంచం ఉంటుంది, రెండు చోట్లా చూసే డాక్టరు ఉంటాడు, రెండు చోట్లా పలకరించే ఇరుగుపొరుగు ఉంటారు.

ఇలా బతికేవారిలో ఎక్కువమంది అరవై దాటిన దంపతులు: రిటైరైన మాస్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, పిల్లల్ని చదివించిన రైతులు. చాలామందికి ఈ ప్రయాణం కూతురి పురిటితోనో కోడలి పురిటితోనో మొదలవుతుంది. మనవడు బడికి వెళ్ళే వయసొచ్చేసరికి అది అలవాటుగా మారుతుంది. ఇటీవల రెండో తరం కూడా ఇందులోకి వస్తోంది. ముప్పై ఏళ్ల కిందట వెళ్ళి అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, ఉద్యోగం విరమించాక శీతకాలం నెలలు ఊళ్లో గడపడానికి పాత ఇంటిని బాగుచేయించుకుంటున్నారు.

రెండు రకాల తారుమారు

భూమధ్యరేఖ భూమిని ఉత్తర, దక్షిణ అర్ధగోళాలుగా విడదీస్తుంది. గ్రీనిచ్ మీదుగా పోయే రేఖ తూర్పు, పడమర అర్ధగోళాలుగా విడదీస్తుంది. ఘంటసాల సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 81 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. ఇక్కడినుంచి అమెరికా వెళ్ళినవారు ఉత్తరంలోనే ఉంటూ పడమటి సగంలోకి మారతారు. వారికి తారుమారయ్యేది గడియారం. ఘంటసాలలో రాత్రి 8 గంటలైతే న్యూయార్క్‌లో అదే రోజు ఉదయం 9:30, అక్కడ వేసవి గడియారం నడిచే నెలల్లో 10:30. ఇంట్లో ఒకరు అన్నం తిని పడుకునే వేళకు ఇంకొకరు ఆఫీసులో కూర్చుంటారు. కానీ జనవరి అంటే రెండు చోట్లా చలికాలమే.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్ళినవారు తూర్పు సగంలోనే ఉంటూ దక్షిణానికి దిగుతారు. మెల్‌బోర్న్ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది. అక్టోబర్ మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా అయిదున్నర గంటలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇక్కడ ఫోన్ చేస్తే అక్కడ పిల్లలు బడినుంచి వచ్చి ఉంటారు. మాట కలపడానికి ఇది అనువైన తేడా. అక్కడ తిరగబడేది రుతువు. ఒకే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు, ఒకటి డల్లాస్‌లో, ఒకటి మెల్‌బోర్న్‌లో ఉంటే, ఊళ్లో ఉన్న తల్లి మొదటివారికి ఫోన్ చేసేముందు వేళ చూసుకుంటుంది, రెండోవారికి బట్టలు సర్దేముందు నెల చూసుకుంటుంది.

పాత దారులు

దూరదేశంతో ముడిపడి బతకడం ఈ నేలకు కొత్త కాదు. క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ మైసోలియా తీరంలో చెప్పిన కంటకోస్సిల అనే వర్తక కేంద్రాన్ని చరిత్రకారులు ఘంటసాలగా గుర్తించారు. ప్రాకృత శాసనాల్లో ఈ ఊరు కంటకసెల. ఇక్కడ దొరికిన ఒక శాసనంలో మహానావికుని ప్రస్తావన ఉంది. ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని 19వ శతాబ్దం చివర అలెగ్జాండర్ రే తవ్వించాడు. ఊళ్లో పురావస్తు ప్రదర్శనశాల ఉంది. స్వర్ణభూమికి పోయే ఓడలు తీరం విడిచి నడిసముద్రంలోకి తిరిగే చోటు కూడా ఈ మైసోలియా తీరానికి దగ్గరలోనే ఉన్నట్టు టాలెమీ రాశాడు.

తెరచాపల కాలంలో ప్రయాణం గాలి చెప్పినట్టు నడిచేది. బంగాళాఖాతంలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి, నవంబర్ నుంచి ఈశాన్య గాలి. ఒక గాలితో వెళ్ళిన నావికుడు రెండో గాలి తిరిగేదాకా అవతలి రేవులో కాలం గడపక తప్పదు. ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు అక్కడ అన్న లెక్కను అప్పట్లో రాసింది గాలి. ఇప్పుడు రాసేది వీసా.

ఈ రెండు కాలాల మధ్య, తిరుగుదారి లేని ఒక పెద్ద ప్రయాణం జరిగింది. 1834 తర్వాత మారిషస్ చెరకు తోటలకు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, 1903 నుంచి ఫిజీకి మద్రాసు రాజధానినుంచి తెలుగువారిని ఒప్పంద కూలీలుగా తీసుకుపోయారు. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. ఈ మూడు దేశాలూ దక్షిణ అర్ధగోళంలోవే. వెళ్ళినవారిలో ఉత్తర కోస్తావారు ఎక్కువ. మారిషస్‌లో తెలుగువారికి కొరంగీలన్న పేరు పడింది కోరంగి రేవు వల్లనే. నటాల్‌లో, ఫిజీలో అయిదేళ్ల ఒప్పందం, ఇంకో అయిదేళ్లు అక్కడే ఉంటే తిరుగు ఓడకు హక్కు, ఇదీ పద్ధతి. పదేళ్లయ్యాక తిరిగి వచ్చినవారికి ఊళ్లో ఇల్లు మిగిలి ఉండటం అరుదు. చాలామంది అక్కడే ఉండిపోయారు. దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ, ఫిజీలో 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం ఏర్పడ్డాయి. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి. రెండో ఇల్లు దొరికి మొదటి ఇల్లు పోగొట్టుకున్నవారు వారు. ఈనాటి ప్రయాణాల గురించి మాట్లాడేటప్పుడు ముందు వారిని తలుచుకోవడం న్యాయం.

డెల్టా రైతులు దేశంలోపల రెండిళ్లు అలవాటు చేసుకున్నది నీళ్ల వెంట వెళ్ళి. నిజాంసాగర్ కింద నిజామాబాద్, బోధన్ వైపుకూ, తర్వాత తుంగభద్ర ఆయకట్టుకూ వెళ్ళిన కోస్తా రైతులు పెళ్లిళ్లకూ పండగలకూ ఊరికి వస్తూనే ఉన్నారు. పిల్లను ఇవ్వడం, తెచ్చుకోవడం పాత ఊళ్లతోనే సాగింది.

విదేశీ దారిని తెరిచినవి రెండు చట్టపరమైన మార్పులు. అమెరికా 1965లో దేశాలవారీ పాత కోటాలను ఎత్తేసింది. ఆ తర్వాత డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళారు. 1976లో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరాలయం, 1977లో న్యూయార్క్‌లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మొదటి మహాసభ వచ్చాయి. ఆస్ట్రేలియా తెల్లవారికే చోటిచ్చే విధానాన్ని 1973లో పూర్తిగా వదిలేసింది. సిడ్నీ దగ్గర హెలెన్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరాలయం 1985లో తెరుచుకుంది. అసలు వెల్లువ మాత్రం 1990ల తర్వాతిది. కంప్యూటర్ ఉద్యోగాలు, కృష్ణా జిల్లాలో వెలసిన ఇంజనీరింగ్ కాలేజీలు దానికి ఊతం. గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీ 1998లో మొదలైంది. 2010, 2017ల మధ్య అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారని అక్కడి లెక్కలు చూపాయి. ఆస్ట్రేలియా జనగణనలో తెలుగు మాట్లాడేవారు 2016లో 34 వేల పైచిలుకు ఉంటే, 2021కి 59 వేలకు చేరారు. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో పాయింట్ కుక్, టార్నీట్ లాంటి చోట్ల పార్కులో పొద్దున నడిచే పెద్దవాళ్ల మాటల్లో బందరు యాస వినిపిస్తుంది.

ఆకాశం, పంచాంగం

దక్షిణానికి వెళ్ళినవారిని ముందుగా తికమక పెట్టేది సూర్యుడు. ఘంటసాల మీద ఏడాదిలో రెండుసార్లు, మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారం దాటాకానూ, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండు వేళల్లో నిలువు స్తంభానికి నీడ ఉండదు. సుమారు 38 డిగ్రీల దక్షిణాన ఉన్న మెల్‌బోర్న్‌లో సూర్యుడు ఏనాడూ నడినెత్తికి రాడు. మధ్యాహ్నం ఎప్పుడూ ఉత్తరాన ఉంటాడు. సూర్యుడికి ఎదురుగా నిలబడితే ఇక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం ఎడమనుంచి కుడికి నడిచేవాడు, అక్కడ కుడినుంచి ఎడమకు నడుస్తాడు. వడియాలు పెట్టాలన్నా బట్టలారేయాలన్నా ఇంటికి ఉత్తరపు పెరడే దిక్కు.

పగటి నిడివి ఇంకో తేడా. జూన్ మూడో వారంలో ఘంటసాలలో పగలు 13 గంటలు. ఆనాడు విమానమెక్కి వెళితే మెల్‌బోర్న్‌లో పగలు తొమ్మిదిన్నర గంటలే. రోహిణి కార్తె ఎండ తట్టుకోలేమని మే నెలాఖరున బయలుదేరినవారు అక్కడ నిండు చలికాలంలో దిగుతారు. స్వెట్టరూ మేజోళ్లూ లేకుండా వెళ్ళడం మొదటిసారి ప్రయాణికులు తరచు చేసే పొరపాటు. ఫ్లూ కాలం కూడా మారుతుంది: దక్షిణాన ఆ జ్వరాలు మే నుంచి సెప్టెంబర్ దాకా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ టీకాలో ఏ రకాలుండాలో ఉత్తరానికి ఫిబ్రవరిలో, దక్షిణానికి సెప్టెంబర్‌లో విడివిడిగా చెబుతుంది. రెండు చోట్లా ఉండే పెద్దవాళ్లు ఏ నెలలో ఏ టీకా వేయించుకోవాలో డాక్టర్ని అడిగి తెలుసుకోవాలి.

పండగలు తేదీ ప్రకారం వస్తాయి, రుతువు ప్రకారం రావు. సంక్రాంతి నాడు డెల్టాలో మంచు, కుప్పనూర్పిళ్లు, కొత్త బియ్యం. మెల్‌బోర్న్‌లో ఆనాడు పద్నాలుగు గంటలు దాటిన పగలు, మండే ఎండ. గడ్డి తగలబడే భయంతో ఆరుబయట నిప్పు రాజేయడాన్ని నిషేధించే రోజులు కూడా ఉంటాయి. అలాంటి రోజున భోగిమంట అక్కడ నేరం. ఉత్తరాయణమంటే మనకు పగలు పెరగడం, అక్కడ పగలు తగ్గడం. ఉగాది నాడు ఇక్కడ మామిడి పిందె, వేపపువ్వు. అక్కడ ఆకులు రాలే కాలం. పచ్చడికి వేపపువ్వు ఊరినుంచి ఎండబెట్టి పంపింది వాడతారు, పంపడానికి వీల్లేకపోతే అది లేకుండానే కలుపుతారు.

తిథి లెక్క మరింత సున్నితం. సూర్యోదయానికి ఉన్న తిథి ఆ రోజుదని పంచాంగం చెబుతుంది. మెల్‌బోర్న్‌లో సూర్యోదయం మనకంటే కొన్ని గంటలు ముందు, అమెరికాలో చాలా వెనక. మన కాలమానం ప్రకారం తెల్లవారుజామున 3 గంటలకు మొదలైన తిథి ఘంటసాలలో సూర్యోదయానికి అందుతుంది. మెల్‌బోర్న్‌లో అప్పటికే తెల్లవారిపోయి ఉంటుంది గనుక అక్కడ మర్నాటికి జరుగుతుంది. అదే పొద్దున 10కి మొదలైతే మనకు మర్నాడు, అమెరికాకు ఆ రోజే. అందుకే ఒకే పండగ మూడు చోట్ల రెండు తేదీల్లో వస్తుంది. తద్దినం పెట్టే కొడుకు సాధారణంగా తానున్న ఊరి పంచాంగమే చూసుకుంటాడు. సంకల్పం చెప్పేటప్పుడు ఘంటసాలలో శ్రీశైలానికి తూర్పున, కృష్ణా గోదావరుల నడుమ ఉన్నామని చెప్పుకుంటారు. మెల్‌బోర్న్ నుంచి చెప్పేవారు శ్రీశైలానికి ఆగ్నేయానికి వెళ్ళిపోతారు.

నక్షత్రాల సంగతి వీటన్నిటికంటే లోతైనది. భూమధ్యరేఖ దాటాక ధ్రువ నక్షత్రం కనబడదు. సప్తర్షి మండలంలో వసిష్ఠుని పక్కనుండే అరుంధతి సుమారు 55 డిగ్రీల ఉత్తరాన ఉన్న నక్షత్రం. అది మెల్‌బోర్న్‌లోనూ, న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లోనూ ఏ రాత్రీ ఉదయించదు. సిడ్నీలో దిగంతం మీద ఒక డిగ్రీ పైకి వచ్చి మునిగిపోతుంది, కంటికి ఆనదు. మారిషస్, ఫిజీ ద్వీపాలకు మాత్రం ఉత్తరపు దిక్కున కిందుగా కనిపిస్తుంది. అంటే మెల్‌బోర్న్‌లో పెళ్లి జరిపించే పురోహితుడు వధూవరులకు ఆకాశంలో చూపించే అరుంధతి అక్కడ లేదు. దిక్కు చూపి మనసులో దర్శించమనాలి. దానికి బదులుగా దక్షిణం ఇంకొకటి ఇస్తుంది. డెల్టాలో శీతకాలపు రాత్రుల్లో దక్షిణాన కిందుగా మెరిసే అగస్త్య నక్షత్రం అక్కడ నడినెత్తికి దగ్గరగా వస్తుంది, ఏడాది పొడవునా అస్తమించదు. వింధ్య దాటి దక్షిణానికి వెళ్ళి మళ్లీ తిరిగి రాని మునిగా అగస్త్యుడి కథ తెలిసిన వాళ్లకు, ఆ నక్షత్రం అంత ఎత్తున కనిపించినప్పుడు కలిగే భావం మాటల్లో పెట్టడం కష్టం.

ఏడాదిని పంచుకోవడం

ఎప్పుడు వెళ్ళాలి, ఎప్పుడు రావాలి అన్నది ఇష్టంతో తేలేది కాదు. దాన్ని తేల్చేవి నాలుగు: కాలవ, వీసా, పిల్లల బడి, ఒంటి ఓపిక.

కృష్ణా డెల్టాకు నీరు విజయవాడ ఆనకట్టనుంచి వస్తుంది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట చోట 1957లో ప్రకాశం బ్యారేజి కట్టారు. మామూలు సంవత్సరాల్లో జూన్, జూలైల్లో కాలవలు వదులుతారు. సార్వా నాట్లు జూలై, ఆగస్టుల్లో, కోతలు నవంబర్, డిసెంబర్లలో. కోతకు ముందే చేలో మినుము చల్లుతారు, అది ఫిబ్రవరి, మార్చిల్లో చేతికొస్తుంది. భూమి ఉన్నవారు కౌలు మాట్లాడుకోవడానికి నాట్లకు ముందూ, బస్తాలు లెక్క చూసుకోవడానికి సంక్రాంతి ముందూ ఊళ్లో ఉండాలనుకుంటారు. అందుకే నవంబర్‌లో వచ్చి మినుము తీసేదాకా ఉండి, ఎండలు ముదిరేవేళ వెళ్ళడం ఎక్కువమంది పాటించే క్రమం. డెల్టాలో శీతకాలం హాయిగా ఉంటుంది. కానీ నవంబర్ తుపాన్ల నెల కూడా. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ రాత్రి బతికి బయటపడినవారిలో కొందరు ఇప్పుడు సముద్రాలకు అవతల మనవల దగ్గర ఉన్నారు. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వినగానే ఇప్పటికీ వారు ముందు ఊరికే ఫోన్ చేస్తారు.

వీసా లెక్క దేశాన్నిబట్టి మారుతుంది. అమెరికా విజిటర్ వీసా మీద దిగినప్పుడు సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆర్నెల్ల మాట ఊళ్లో అంతగా పాతుకోవడానికి కారణం ఇదే. పిల్లలు పౌరులైతే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు తెప్పించవచ్చు. కానీ అది చేతికొచ్చాక లెక్క తిరగబడుతుంది: ఆరు నెలలు మించి ఊళ్లో ఉంటే తిరిగి వెళ్ళేటప్పుడు ప్రశ్నలు, ఏడాది దాటితే ముందస్తు అనుమతి పత్రం లేకుండా కార్డే పోయే ప్రమాదం. అక్కడ ఎక్కువ కాలం ఉండాలని తెచ్చుకున్న కార్డు ఊళ్లో ఎక్కువ కాలం ఉండనివ్వదు. ఆస్ట్రేలియాలో శాశ్వత నివాసం వచ్చినవారికి అయిదేళ్ల ప్రయాణ సౌకర్యం ఉంటుంది. అది ముగిశాక మామూలుగా తిరుగు వీసా రావాలంటే గడచిన అయిదేళ్లలో రెండేళ్లు అక్కడ గడిపి ఉండాలి. తల్లిదండ్రుల శాశ్వత వీసాకు ఏళ్ల తరబడి నిరీక్షణ, భారీ రుసుం. 2019లో తెచ్చిన తాత్కాలిక వీసా మూడేళ్లకో అయిదేళ్లకో ఇస్తారు, మొత్తం పదేళ్లు మించదు.

ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ కూడా రోజులు లెక్కపెడుతుంది. ఏడాదిలో 182 రోజులు దేశంలో ఉంటే నివాసి. విదేశాల్లో స్థిరపడి ఇక్కడికి వచ్చిపోయే భారతీయులకూ భారత సంతతివారికీ, ఇక్కడి ఆదాయం 15 లక్షలు మించితే, ఆ గీతను 2020 ఆర్థిక చట్టం 120 రోజులకు దించింది. అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ ఉండటం కూడా దానికి షరతు. పింఛనుదారులైతే బతికి ఉన్నట్టు ఏటా ధ్రువపత్రం ఇవ్వాలి. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ వల్ల ఆ పని వేలిముద్రతోనో ముఖం చూపించో జరుగుతోంది. బందరు ట్రెజరీకి బస్సెక్కి వెళ్ళి సంతకం పెట్టిన మాస్టర్లకు ఇది చిన్న మేలు కాదు.

పొలం, పౌరసత్వం

భారత రాజ్యాంగం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. వేరే దేశపు పౌరులైనవారికి 2005 సవరణతో ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా (ఓసీఐ) కార్డు వచ్చింది. దాని మొదటి కార్డులను 2006 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అందజేశారు. ఆ కార్డు ఉంటే వీసా లేకుండా జీవితాంతం వచ్చిపోవచ్చు. ఓటు మాత్రం ఉండదు. భారత పాస్‌పోర్టు ఉంచుకున్న ప్రవాసులకు 2010 సవరణ ఓటు ఇచ్చింది, కానీ స్వయంగా ఘంటసాల బూత్‌కి వచ్చి వేయాలి.

డెల్టావారికి ఓటుకంటే ఎక్కువ తగిలేది పొలం నిబంధన. విదేశీ మారక చట్టం ప్రకారం ఓసీఐ కార్డుదారులు గానీ, భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు గానీ ఇల్లు కొనవచ్చు, సాగుభూమి కొనరాదు. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. తండ్రి తర్వాత వారసత్వంగా వచ్చిన మూడెకరాలు నిలబెట్టుకోగలరు, దాని పక్కనున్న అరెకరం కొనలేరు. భూమితో బంధం వారసత్వంగానే నిలవాలని చట్టం చెప్పినట్టయింది. అమ్మదలిస్తే కొనేవారు ఇక్కడ నివసించే భారతీయులై ఉండాలి. డబ్బు బయటికి తీసుకుపోవడానికి ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితి ఉంది. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీ దేశంలోకి వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఈ చిన్న గడువు దాటబెట్టి రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరిగేవారు కనిపిస్తూనే ఉంటారు.

తాళం వేసిన ఇల్లు

ఇలాంటి ఇంటిని దగ్గరనుంచి చూస్తే దాని కష్టం అర్థమవుతుంది. నాలుగు నెలలు తలుపు తీయకపోతే గడపకు చెదపురుగు ఎక్కుతుంది. నేల చెమ్మకు గోడ అడుగున పెచ్చు లేస్తుంది. నడవని మోటారు బిగుసుకుపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు ఇంకిపోతాయి. ఫ్రిజ్ తలుపు మూసి వెళితే బూజు, తీసి వెళితే బల్లులు. పెరట్లో కొబ్బరికాయలు ఎవరు దింపుకున్నారో అన్న అనుమానం ఒకటి. తులసికోటలో మొక్కకు నీళ్లు పోసేవారు లేకపోతే వేసవిలో వారం కూడా నిలవదు.

అందుకే ఇల్లు నిజానికి ఉండేది తాళంచెవి దగ్గర. పక్కింటి వదినగారో, తమ్ముడి కొడుకో, ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న పనిమనిషో ఆ తాళంచెవి పెట్టుకుంటారు. వారానికోసారి తలుపులు తీసి గాలి ఆడనిస్తారు. కరెంటు బిల్లు, ఇంటి పన్ను కట్టి ఫోటో పంపుతారు. తుపాను హెచ్చరిక రాగానే మేడ మీద రేకులు కట్టేస్తారు. పెద్దవాళ్లు వచ్చే ముందురోజు గచ్చు కడిగి, కుళాయి తిప్పి తుప్పునీళ్లు వదిలేసి, స్టవ్ మీద పాలు పొంగిస్తారు. గేటు తీసిన శబ్దం వినగానే "వచ్చారా అత్తయ్యగారూ" అన్న పలకరింపుతో ఆ ఇల్లు మళ్లీ ఇల్లవుతుంది.

సామాను సర్దడం ఒక విద్య. 23 కిలోల పెట్టెలు రెండు, అందులో ఆవకాయ, పప్పుల పొడి, మందులు. ఆస్ట్రేలియా విమానాశ్రయంలో తిండి సరుకు ప్రతిదీ కార్డులో చూపాలి. పచ్చి కరివేపాకు, మొలకెత్తే గింజలు, పాలతో చేసిన మిఠాయిలు తీసేసుకుంటారు; చెప్పకుండా పట్టుబడితే జరిమానా. ఊరినుంచి బయలుదేరి గన్నవరంలోనో శంషాబాద్‌లోనో విమానమెక్కి, సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో మారి మెల్‌బోర్న్ చేరేసరికి దాదాపు ఒక పగలూ రాత్రీ పడుతుంది.

ఆరోగ్యం అన్నిటికంటే పెద్ద బరువు. విజిటర్‌గా వెళ్ళినవారికి అక్కడి ప్రభుత్వ వైద్యం అందదు, బీమా ఉన్నా పాత జబ్బులకు వర్తించడం తక్కువ. అందుకే మోకాళ్లో కళ్లో ఆపరేషన్ ఊళ్లో ఉన్నప్పుడే చేయించుకుంటారు. ఘంటసాలకు దగ్గరలోని కూచిపూడిలో, కాలిఫోర్నియాలో పుట్టిన సిలికానాంధ్ర సంస్థ సంజీవని ఆసుపత్రి కట్టింది. ప్రవాసుల డబ్బు ఊరి గుడికో స్వాగత తోరణానికో పోవడంకంటే ఆసుపత్రికి పోవడం మేలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

దారి మూసుకున్న కాలం

2020 మార్చిలో రెండిళ్ల జీవితం ఒక్క వారంలో ఆగిపోయింది. ఆస్ట్రేలియా 20వ తేదీన సరిహద్దు మూసింది, భారత్ 23న అంతర్జాతీయ విమానాలు నిలిపింది. వచ్చినవారు ఇక్కడ, వెళ్ళినవారు అక్కడ చిక్కుకున్నారు. ఆస్ట్రేలియా తన పౌరులనే అనుమతి లేకుండా దేశం దాటనివ్వలేదు. 2021 మే 3నుంచి 15దాకా, భారత్‌లో ఉండి తిరిగి వెళ్ళే సొంత పౌరులకు సైతం జైలు, జరిమానా విధించేలా ఉత్తర్వు పెట్టింది. ఆ ఏడాది నవంబర్‌లో గానీ తలుపులు తెరుచుకోలేదు, భారత్‌నుంచి మామూలు విమానాలు 2022 మార్చి 27న గానీ మొదలవలేదు. ఆ రెండేళ్లలో పోయిన తల్లిదండ్రులకు కొడుకులు ఫోన్ తెరమీదనుంచి దండం పెట్టారు. తలకొరివి పెట్టింది అన్నదమ్ముల పిల్లలు, కొన్ని చోట్ల ఊరివారు. మామూలు రోజుల్లోనైనా కొడుకు చేరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది గనుకనే డెల్టా ఊళ్లలో ఫ్రీజర్ బాక్స్ అంత తొందరగా వాడుకలోకి వచ్చింది.

ఊళ్లో ఉండేవారి లెక్క

వీసా ఆఫీసు, పన్ను ఆఫీసు, విమాన సంస్థ, అందరూ వెళ్ళివచ్చేవారి రోజులే లెక్కపెడతారు. కదలకుండా ఉండేవారి లెక్క ఎవరూ రాయరు. దూరాన ఉన్నవారి పొలాలు దున్నేది కౌలు రైతులు. పాస్‌బుక్ యజమాని పేరున ఉంటుంది, పెట్టుబడీ నష్టమూ కౌలుదారువి. 2019లో రాష్ట్రం పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది. యజమాని ఒప్పుకుని సంతకం చేస్తే కౌలుదారుకు పదకొండు నెలలకు కార్డు వస్తుంది. ఆ కార్డుతో బ్యాంకు రుణం, పంటల బీమా, తుపాను నష్టపరిహారం అడగవచ్చు. దానివల్ల యజమాని హక్కుకు ఏ భంగమూ లేదని చట్టమే చెబుతోంది. అయినా భూమి పోతుందన్న భయంతో సంతకం పెట్టనివారు ఎక్కువ. యజమాని సముద్రాలకు అవతల ఉంటే అసలు సంతకం అడిగే దారే ఉండదు.

మార్చిలో పెట్టె సర్దుకునేవారికి ఒక విన్నపం. తాళంచెవి అప్పగించినట్టే కౌలు కార్డు కాగితం మీద కూడా సంతకం పెట్టి వెళ్ళండి. మళ్లీ నవంబర్‌లో మీరు తిరిగివచ్చేదాకా ఆ చేలో నిలబడేది కౌలు రైతే.